"తగ్గింది" అని రాయనన్న డాక్టరమ్మ

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, డాక్టరమ్మ పోయారంట" అంది. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ పిలుపుకు ఒక్కరే మనిషి. "ఎవరు చెప్పారు? సరిగ్గా కనుక్కున్నావా?" అని మాత్రం అడిగాను. "ఆసుపత్రి నర్సు చెప్పిందమ్మా. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. డ్యూటీకి రాకపోతే పక్కవాటా వాళ్ళు తలుపు కొట్టారట." నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో ఆ క్షణాన తెలియలేదు. సంతాప సభకు వెళ్ళి వచ్చాక తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరినీ దేవతల్ని చేసేస్తాం. ఆవిణ్ణి అట్లా చేయడం నాకిష్టం లేదు. చెప్పిన వేళకు ఆవిడ ఏనాడూ రాలేదు. రాత కోడిగీతలు. తల్లుల మీద విసుక్కునేవారు. టీ ఇస్తే పక్కన పెట్టి మరిచిపోయి, మీగడ కట్టాక ఒక్క గుక్కలో తాగి, "బాగుందండీ" అనేవారు. చల్లారిన టీ బాగుందనే మనిషి మాట ఎట్లా నమ్మడమని మొదట్లో నాకు అనుమానంగా ఉండేది. తరవాత తెలిసింది, టీ గురించి తప్ప ఇంక దేని గురించీ ఆవిడ అబద్ధం చెప్పరని.

మాది చిలకలూరిపేట. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. మా మనవడు, అంటే మా అమ్మాయి కొడుకు, పుట్టి నెల తిరక్కుండానే గొంతులో చప్పుడు మొదలైంది. గాలి పీల్చినప్పుడల్లా నూనె వేయని గిలకలాగా కీచుమనేది. డొక్కలు లోపలికి పోయేవి. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి రొప్పేవాడు. మా వీధి చివర పత్తి జిన్నింగు మిల్లు ఉంది. మా ఊళ్ళో పసిపిల్ల దగ్గినా తుమ్మినా పత్తి నూగు అంటారు. మా వియ్యపురాలు వచ్చి చూసి, "నూగేనండీ వదినగారూ, మిల్లుకు దూరంగా తీసుకుపోతే అదే పోతుంది" అని తేల్చేసింది. ఇంకొకావిడ, "మా చెల్లెలి పిల్లకు పొట్ట మీద చురక వేయించాం, ఇట్టే కట్టేసింది" అంది. ఆవిణ్ణి మళ్ళీ మా గడప ఎక్కనివ్వలేదు.

గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. దాని పేరు రాయను, అక్కడ మంచివాళ్ళు కూడా ఉన్నారు. ఎండాకాలం. చిన్న గదిలో తల్లులు, అమ్మమ్మలు, చంకల్లో పిల్లలు. డాక్టరమ్మ లోపలికి వస్తూనే, "ఆ ఫ్యాన్ ఆపండి. అందరూ ఒక్క నిమిషం నోరు మూసుకోండి" అన్నారు. మెడలో గొట్టం ఉంది గాని దాన్ని ముట్టుకోలేదు. మా వాడి ముఖానికి చెవి దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకున్నారు. చెమటలు కారిపోతున్నాయి. ఎవరో తండ్రి, "మేడమ్, పిల్లల కంటే ముందు మేం పోయేట్టున్నాం" అన్నాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "నువ్వు పోవులే, నీ గొంతు బాగానే ఉంది. కూర్చో" అన్నారు. గది గదంతా నవ్వింది. "నవ్వకండి, వినపడటం లేదు" అని మళ్ళీ కసిరారు.

తరవాత ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం వేసి చూశారు. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగారు. "కాగితం స్ట్రాతో ఎప్పుడైనా కొబ్బరినీళ్ళు తాగావా?"

"తాగానండి."

"కాసేపటికి అది నాని మెత్తబడుతుంది. అప్పుడు గట్టిగా పీలిస్తే ఏమవుతుంది?"

"అతుక్కుపోతుందండి."

"మీ వాడి స్వరపేటిక అట్లాంటిదే. పుట్టుకతోనే మెత్తగా ఉంది. గాలి పీల్చినప్పుడు దాని అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆ చప్పుడు అదే. నూగూ కాదు, నీ పాలలో దోషమూ కాదు. పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. చాలామందికి రెండేళ్ళ లోపు దానంతటదే పోతుంది. కొద్దిమందికి పోదు. ఆ కొద్దిమందికి ఆపరేషన్ కావాలి. ఎవరు ఏ రకమో ముందే కనిపెట్టడమే నా పని."

అదే ఆవిడ పరిశోధన. మా ప్రాంతంలో ఈ జబ్బుతో పుట్టిన పిల్లల్ని రెండేళ్ళు నిండేదాకా వదలకుండా చూస్తూ పోవడం. "తల్లులు ఎప్పుడు భయపడాలో చెప్పగలిగితే చాలండి నాకు. అక్కర్లేనప్పుడు భయపడి చురకలు వేయిస్తున్నారు. భయపడాల్సిన రోజున నిమ్మళంగా ఉంటున్నారు" అన్నారు నాతో. మా వాడి పేరు అందులో రాయడానికి నేను ఒప్పుకున్నాను. ఒప్పుకునే ముందు నా ప్రశ్నలు నేను అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. ఆసుపత్రిలో ఆవిడ విసుక్కోనిది ప్రశ్నలు అడిగేవాళ్ళ మీదనేనని తరవాత గమనించాను.

ఆ రోజే వెళ్ళబోతుంటే ఆపి, "పిల్లాడికి నీళ్ళు ఎవరు పోస్తారు?" అని అడిగారు.

"నేనే. కాళ్ళ మీద వేసుకుని పోస్తాను."

"బోర్లా వేసుకున్నప్పుడు చప్పుడు ఎట్లా ఉంటుంది, వెల్లకిలా తిప్పాక ఎట్లా ఉంటుంది?"

గమనించలేదన్నాను. "రేపు గమనించి ఫోన్ చేయండి. నీళ్ళు పోసేముందు గమనించండి, పోస్తుంటే ఏడుస్తాడు" అన్నారు. మర్నాడు వాణ్ణి కాళ్ళ మీద బోర్లా వేసుకుంటే చప్పుడు దాదాపు లేదు. వెల్లకిలా తిప్పీ తిప్పగానే గిలక మొదలైంది. ఫోన్ చేసి చెప్పాను. "అదీ!" అన్నారు. పరీక్ష పాసైన పిల్ల గొంతు అది. వెంటనే గొంతు మార్చి, "అట్లాగని నిద్రపోయేటప్పుడు బోర్లా వేయకండి, ప్రమాదం. మెలకువలో, మీ కళ్ళ ముందు మాత్రమే" అని నా చేత తిరిగి చెప్పించుకున్నారు. లెక్కల మాస్టారి చేత ఎక్కం అప్పచెప్పించుకున్నట్టు.

మన ఇళ్ళల్లో ప్రతి పసిపిల్లకూ కాళ్ళ మీద వేసుకునే నీళ్ళు పోస్తారు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఈ పరీక్ష రోజూ జరిగిపోతోంది, చూసేవాళ్ళే లేరు. ఆవిడ ఆ ప్రశ్నను పరిశోధనలో చేర్చారు. అందుకు తోటి డాక్టర్లు "స్నానాల డాక్టరు" అని పేరు పెట్టారు. "ఏం మేడమ్, ఇవాళ కుంకుడుకాయ మీద పేపరు రాస్తున్నారా, సున్నిపిండి మీద రాస్తున్నారా?" అని కారిడార్లో అడగడం నా చెవులతో విన్నాను. ఆవిడ, "ముందు మీరు స్నానం చేసి రండి, తరవాత చెప్తా" అని నడుస్తూనే వెళ్ళిపోయారు.

ఇక అసలు సంగతి. మిర్చి కోతలు మొదలైతే పల్లెల వాళ్ళు ఆసుపత్రికి రారు. ఇంటిల్లిపాదీ చేలో, లేకపోతే కళ్ళంలో ఉంటారు. అప్పుడు ఆసుపత్రి నుంచి ఒక కుర్ర ఉద్యోగి ఫోన్ చేసి పిల్ల ఎట్లా ఉందో అడిగి, జవాబు రాసుకునేవాడు. అద్దంకి అవతల ఒక ఊళ్ళో ఒక పాప ఉండేది. మా వాడి ఈడుదే. ఆ పాప ఎదురుగా "తగ్గింది" అని రాశాడు. వారం తరవాత డాక్టరమ్మ ఆ మాట చూసి ఆగారు. "ఏం తగ్గింది?" అని అడిగారట. "చప్పుడు తగ్గిందన్నారు మేడమ్." "చప్పుడు తగ్గిందా, ఊపిరి తగ్గిందా? అడిగావా?" ఆ అబ్బాయి అడగలేదు. అట్లా అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు. డొక్కలు ఎగరేసీ ఎగరేసీ అలిసిపోయిన పసిపిల్ల గాలి సరిగ్గా పీల్చలేకపోతే చప్పుడు కూడా తగ్గుతుందని, అది బాగుపడటం కాదని నాకు తెలిసింది ఆ రోజే.

ఆ రోజే అని ఎందుకంటున్నానంటే ఆవిడ అప్పటికప్పుడు కారు తీసుకుని, దారిలో మా ఇంటి ముందు హారన్ కొట్టారు. "మాస్టారుగారూ, ఖాళీయేనా? నేను ఒక్కదాన్నే వెళ్ళి అడిగితే భయపడి అన్నీ బాగున్నాయంటారు. మీలాంటి పెద్దావిడ పక్కనుంటే మాట్లాడతారు." చీర మార్చుకుంటానంటే, "పెళ్ళికి కాదండీ" అన్నారు. ఇంట్లో కట్టుకున్న చీరతోనే ఎక్కాను.

ఊరు చేరేసరికి ఎండ వాలుతోంది. ఇల్లు ఊరి చివర. ఇంటి ముందంతా కళ్ళమే. నేల కనపడకుండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. దిగగానే నాకూ తుమ్ములు మొదలయ్యాయి. ముసలావిడ ఒకామె కాయలు తిరగేస్తోంది. పాప నాయనమ్మ. డాక్టరమ్మను చూసి చీపురుకట్ట అక్కడే వదిలేసి నిలబడింది.

"పెద్దమ్మా, పాపేది?"

ఆమె అరుగు మీద కూర్చుని ఉన్న కోడలి వైపు చూసింది. కోడలు చిన్నపిల్ల. ఇరవై దాటి ఉంటాయో లేదో. లేవలేదు.

నేను వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ముసలావిడే మొదలుపెట్టింది. "ఘాటనుకున్నామమ్మా. ఈ కాయల మధ్యన పిల్లకి ఊపిరాడటంలా, చప్పుడు చేస్తందని మా కోడలి పుట్టింటికి పంపిచ్చాం. ఆడ మిరప లేదు, అంతా వరే. రెండు రోజులకే చప్పుడు తగ్గిందన్నారు. ఘాటు వదిలిందిలే అనుకున్నాం. ఆసుపత్రోళ్ళు ఫోన్ చేస్తే తగ్గిందయ్యా అనే చెప్పా. అబద్ధం చెప్పలా అమ్మాయ్. తగ్గిందనే చెప్పా."

"ఎప్పుడు?" అన్నారు డాక్టరమ్మ.

"ఫోనొచ్చిన మర్నాడే. పాలు తాగలా. నిద్రపోతందిలే అనుకున్నారంట ఆళ్ళు."

కోడలు అప్పుడు నోరు విప్పింది. మా ఇద్దరి వైపూ చూడలేదు. "చప్పుడు ఉన్నన్నాళ్ళూ రోజూ లేచి చూసుకునేదాన్నండి. ఆ చప్పుడు పోయాకే కదా నేను నిమ్మళంగా పడుకుంది."

మిరప పండే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు గొంతులో ఏది వచ్చినా ముందు ఘాటే గుర్తొస్తుంది. మాకు పత్తి నూగు గుర్తొచ్చినట్టే. మా వాణ్ణి మిల్లుకు దూరంగా పంపకపోవడానికి నేను చదువుకున్నదాన్ని కావడం కారణం కాదు. పంపడానికి మాకు వేరే చోటు లేకపోయింది, అంతే.

తిరుగు దారిలో ఆవిడ హైవే పక్క ఒక టీ బడ్డీ దగ్గర ఆపారు. ఆ ఒక్కసారే ఆవిడ వేడిగా టీ తాగడం చూశాను. నోరు కాలి ఉంటుంది. "మాస్టారుగారూ, ఈ పాప నా పరిశోధనలో ఉంటుంది. చివరిదాకా ఉంటుంది" అన్నారు. అది నాతో అన్న మాటలా లేదు.

తరవాత జరిగింది ఆవిడే నాతో చెప్పారు, మా వాడికి రెండేళ్ళు నిండి, వాడి ఆఖరి పరీక్షకు వెళ్ళినప్పుడు కొంత, ఆ తరవాత కొంత. గొంతు గట్టిపడింది, చప్పుడు లేదు, ఊపిరి బాగుంది. ఈసారి "తగ్గింది" అని ఆవిడ స్వయంగా రాశారు. అప్పటికే ఆవిడకూ వాళ్ళ పెద్ద డాక్టరుకూ తగువు ముదిరింది. పరిశోధన నివేదిక పంపాలి. పెద్ద డాక్టరు, "ఆ కుటుంబం మధ్యలో రావడం మానేసింది కదమ్మా, మానేసినవాళ్ళను తీసేయడం మామూలే. చివరిదాకా వచ్చినవాళ్ళందరూ క్షేమం. ఎంత శుభ్రంగా ఉంటుంది చూడు" అన్నాడట.

"వాళ్ళు మానేయలేదు సార్. పాప చనిపోయింది."

"మన చేతుల్లో చనిపోలేదు కదా!"

"మన పుస్తకంలో తగ్గింది అని ఉండగా చనిపోయింది సార్."

ఆవిడ కోరింది ఏమంత పెద్దది కాదు. ఆ పాపను చనిపోయినట్టుగా లెక్కలో ఉంచాలి. కింద ఒక్క వాక్యం రాయాలి: చప్పుడు తగ్గితే జబ్బు తగ్గినట్టు ఫోన్ మీద రాసుకోకూడదు, పిల్లను కళ్ళతో చూసి రాయాలి అని. ఆ వాక్యం అచ్చైతే మరో ఊళ్ళో మరో డాక్టరు అది చదువుతాడు. చదివితే ఒక తల్లికి చెబుతాడు. ఆవిడ పట్టుదలంతా దాని కోసమే. పాపను తీసేస్తే ఆ వాక్యానికి ఆధారం పోతుంది. తీసేశారు. అట్లాంటి నివేదిక మీద సంతకం పెట్టనన్నారు ఆవిడ. సరే, ఆవిడ పేరూ తీసేశారు. అందరూ క్షేమమని ఏదో పెద్ద సభలో చదివి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆవిణ్ణి పసిపిల్లల విభాగం నుంచి తప్పించి, సామాను లెక్కలు చూసే పనిలో వేశారు. గుడ్డలు, సీసాలు, చేతి తొడుగులు.

నేను ఇంటి పద్దు ఏనాడూ తప్పకుండా రాసుకునే మనిషిని. పోయినదాన్ని కొట్టేసి, మిగిలినదే మొత్తం అని చూపిస్తే దాన్ని లెక్క అనరు. ఆరో క్లాసు పిల్ల ఆ పని చేస్తే నేను గోడకుర్చీ వేయించేదాన్ని. చదువుకున్నవాళ్ళు చేస్తే దుశ్శాలువా కప్పుతున్నారు.

"మీరు ఎవరికైనా ఫిర్యాదు రాయకపోయారా?" అని అడిగాను.

"రాశానండి. వాళ్ళకే పంపారు, విచారించమని" అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు గాని రాలేదు.

ఆ తరవాత ఆవిడ సెలవు రోజుల్లో సొంత కారు వేసుకుని పల్లెలు తిరిగారు. పసిపిల్లల తల్లుల్ని పోగేసి, డొక్కలు ఎగరేయడం ఎట్లా ఉంటుందో తన పొట్ట మీద చేయి పెట్టుకుని చూపించేవారు. ఒక్కోచోట పాతికమంది వచ్చేవారు, ఒక్కోచోట ముగ్గురు. "అచ్చు కాకపోతే నోటితోనే చెప్తాను" అనేవారు. నోటితో ఒక మనిషి ఎన్ని ఊళ్ళు తిరగగలదు? ఆవిడకు ఇంకా రిటైరయ్యే వయసు కూడా రాలేదు. గుండె జబ్బు అన్నారు డాక్టర్లు. వాళ్ళకు తెలిసినంత వరకు నిజమే.

సంతాప సభ అదే ఆసుపత్రి హాల్లో పెట్టారు. పెద్ద ఫ్లెక్సీ. ఆవిడ ఏనాడూ నవ్వనంత వెడల్పుగా నవ్వుతున్న ఫొటో. పెద్ద డాక్టరు మైకు ముందు, "ఆమె చూసిన ప్రతి బిడ్డా ఈ రోజు ఆరోగ్యంగా ఉన్నాడు" అన్నాడు. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆవిడ ఉంటే ఆపమనేవారు. ఆవిడ బాగు చేసిన పిల్లలందర్నీ పిలిపించారు, ఒక్కొక్కరి చేతికి గులాబీ ఇచ్చి వరుసలో నిలబెట్టి ఫొటో తీయడానికి. మా మనవడు ఇప్పుడు ఒకటో క్లాసు. వరుసలో ఆఖరున నిలబడ్డాడు.

పాప తల్లి కూడా వచ్చింది. కబురు నేనే చెప్పాను, రమ్మని మాత్రం అనలేదు. అద్దంకి నుంచి బస్సులో వచ్చి వెనక కూర్చుంది. పిల్లల్ని పిలవగానే లేచి వెళ్ళి మా వాడి పక్కన నిలబడింది. గులాబీలు పంచే అమ్మాయి, "మీ బాబు ఏడమ్మా?" అంది.

"మాది పాప. లేదు."

ఆ అమ్మాయికి ఏం చేయాలో తెలియక ఒక పువ్వు ఇచ్చి ముందుకు పోయింది. ఫొటో తీసేవాడు చెయ్యి ఊపాడు. "అమ్మా, కొంచెం పక్కకి జరగండి, పిల్లలు మాత్రమే."

"పిల్ల బదులే నిలబడ్డా. నువ్వు తియ్యి బాబూ."

పెద్ద డాక్టరు నా పక్కన ఉన్నాడు. "ఎవరండీ ఆవిడ?" అన్నాడు.

"అద్దంకి అవతల పాప తల్లి" అన్నాను.

"ఏ పాప?"

ఆయన నటించలేదు. నేను ముఖంలోకి చూశాను. బుకాయించే పిల్లల ముఖాలు ఏళ్ళ తరబడి చూసినదాన్ని, నాకు తెలుసు. ఆయనకు నిజంగానే గుర్తులేదు.

ఎవరూ ఆమెను వరుసలోంచి తప్పించలేకపోయారు. అట్లాగే తీశారు. తలవంచలేదు, ఏడవలేదు. కెమెరాలోకి సూటిగా చూసింది.

మర్నాడు పేపర్లో మా జిల్లా పేజీలో ఆ ఫొటో వేశారు. కింద "డాక్టరమ్మ కాపాడిన చిన్నారులు" అని రాశారు. పాప తల్లి అందులో లేదు. ఆమె వరకు కత్తిరించేశారు. కానీ కత్తిరించినవాడు సరిగ్గా చూసుకోలేదు. ఆఖరున నిలబడ్డ మా మనవడి భుజం మీద, ఆకుపచ్చ మట్టిగాజులతో, మణికట్టు దాకా ఒక చెయ్యి మిగిలిపోయింది. వాడి చొక్కాను గట్టిగా పట్టుకుని ఉంది.